ఇంగ్లండ్ పల్లెలో ఆఫ్టర్‌నూన్ టీ: విద్యార్థులు ఒక పూట ప్రయాణాన్ని ఎలా ఏర్పాటు చేసుకోవాలి?

మార్చి ఆఖరి ఆదివారం గడియారాలు గంట ముందుకు జరిగి, సాయంత్రాలు పొడవు కాగానే, ఇంగ్లండ్‌లో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు దాదాపు ఒకే ప్రశ్న అడుగుతూ ఉంటారు. ఏదైనా పల్లెటూరికి వెళ్లి, కాసేపు పొలాల మధ్య నడిచి, అక్కడ ఆఫ్టర్‌నూన్ టీ తాగి, రాత్రికి గదికి చేరుకోవాలంటే ఏం చేయాలి, ఎంత ఖర్చవుతుంది, గుడ్డు తినని వారికి అక్కడ ఏమైనా దొరుకుతుందా అన్నదే ఆ ప్రశ్న. దీనికి జవాబుగా కేంబ్రిడ్జ్ నుంచి దగ్గరలోని గ్రాంట్‌చెస్టర్ అనే పల్లెకు వెళ్లే దారిని ఉదాహరణగా తీసుకుని, మొదటి నుంచి చివరి వరకు చేయవలసిన పనులను ఇక్కడ వరుసగా ఇస్తున్నాను. మీరు మరో నగరంలో ఉన్నా పద్ధతి మారదు.

ముందుగా ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఈ ప్రయాణాన్ని ఇంటి దగ్గర బయలుదేరే వేళ నుంచి కాకుండా, టీ దుకాణంలో ఆర్డర్లు ఆపే వేళ నుంచి వెనక్కి లెక్కపెట్టుకోవాలి. వెళ్లి నిరాశపడి వచ్చినవారిలో ఎక్కువమంది దారి తప్పినవారు కాదు, ఆలస్యంగా చేరినవారు.

కావలసినవి

రైలు టికెట్, టికెట్ ధర తగ్గించే రైల్‌కార్డు (అర్హత ఉంటే), బ్యాంకు కార్డుతో పాటు పది ఇరవై పౌండ్ల నగదు, నిండుగా ఛార్జ్ చేసిన ఫోను, పవర్‌బ్యాంక్, ముందే ఫోనులోకి దించుకున్న మ్యాపు, వాన కోటు, మంచినీళ్ల సీసా, బురదలో జారని బూట్లు. గొడుగు బయలు ప్రదేశాల గాలికి నిలవదు కనుక వాన కోటే మేలు. గడ్డి పుప్పొడి పడనివారు తమ మాత్రలు వెంట ఉంచుకోవాలి, ముఖ్యంగా మే నుంచి జూలై వరకు.

చీర కట్టుకుని ఫొటోలు దిగాలనుకునేవారు చాలామందే ఉన్నారు, అందులో తప్పేమీ లేదు. అయితే నడకదారిలో ఇరుకు గేట్లు, బురద, తాకితే దద్దుర్లు వచ్చే నెటిల్ మొక్కలు ఉంటాయి. కాబట్టి నడక అయ్యేవరకు కుచ్చెళ్లు కాస్త పైకి దోపుకుని బూట్లతో నడిచి, చెప్పులను సంచిలో పెట్టుకుని వెళ్లి, టీ ఇచ్చే తోటకు చేరాక మార్చుకోవడం మంచిది.

చేయవలసిన పనులు

1. ఏ టీ కావాలో ముందు తేల్చుకోండి. క్రీమ్ టీ అంటే ఒక కెటిల్ టీ, రెండు స్కోన్లు (మెత్తని చిన్న గుండ్రటి రొట్టెలు), జామ్, క్లాటెడ్ క్రీమ్ అనే చిక్కని మీగడ మాత్రమే. ఆఫ్టర్‌నూన్ టీ అంటే వీటితో పాటు అంచులు కోసేసిన చిన్న శాండ్‌విచ్‌లు, రకరకాల కేకులు మూడంతస్తుల స్టాండు మీద వస్తాయి. హై టీ అన్నది పేరును బట్టి వీటికంటే గొప్పదనిపిస్తుంది కానీ, ఈ దేశపు పాత వాడుకలో అది శ్రామికుల ఇళ్లలో పనినుంచి వచ్చాక తినే సాయంకాలపు భోజనం. ఊరి దుకాణాలలో క్రీమ్ టీ స్థూలంగా మనిషికి 8 నుంచి 12 పౌండ్ల మధ్య, ఆఫ్టర్‌నూన్ టీ 20 నుంచి 35 పౌండ్ల మధ్య ఉంటుంది. మొదటిసారి వెళ్లేవారికి క్రీమ్ టీ చాలని నా అభిప్రాయం. మూడంతస్తుల స్టాండులో సగం తినలేక వదిలేసేవారే ఎక్కువ, పైగా దాన్ని చాలాచోట్ల ఒక రోజు ముందుగా చెబితేనే సిద్ధం చేస్తారు.

ఇద్దరు కలిసి ఒకే ఆఫ్టర్‌నూన్ టీ తెప్పించుకుని పంచుకోవచ్చని అనుకోకండి. దాని ధర తలకు ఇంత అని ఉంటుంది, కొన్ని దుకాణాలు పంచుకోవడానికి ఒప్పుకోవు. క్రీమ్ టీ ఒకటి, విడిగా మరో కెటిల్ టీ తెప్పించుకోవడానికి మాత్రం ఎవరూ అభ్యంతరం చెప్పరు.

2. ఊరిని, దుకాణాన్ని ఎంచుకోండి. గ్రాంట్‌చెస్టర్‌లోని ఆర్చర్డ్ టీ గార్డెన్ పేరు చాలామంది వినే ఉంటారు. 1868లో నాటిన పళ్లతోట అది. 1897లో కేంబ్రిడ్జ్ విద్యార్థులు కొందరు ఇంటి ముందు పచ్చికలో కాకుండా చెట్ల కింద టీ ఇవ్వమని ఆ ఇంటావిడను అడగడంతో అక్కడ టీ అలవాటు మొదలైంది. కవి రూపర్ట్ బ్రూక్ 1909లో ఆ ఇంట్లోనే అద్దెకు దిగారు. చెట్ల కింద వాలు కుర్చీలు వేసి ఉంటాయి కాబట్టి ఎండ కాసే రోజున చోటు దొరకడం కష్టం.

ఏ దుకాణాన్ని ఎంచుకున్నా మూడు సంగతులు దాని వెబ్‌సైట్‌లోనో ఫోనులోనో కనుక్కోండి: ఆ రోజున తెరుస్తారా, వంటగది ఎన్ని గంటలకు ఆర్డర్లు ఆపుతుంది, ముందుగా బల్ల కేటాయించుకోవాలా. పల్లెల్లోని టీ దుకాణాలు కొన్ని సోమ, మంగళవారాలు మూసేస్తారు, కొన్ని చలికాలమంతా తెరవరు. గూగుల్ మ్యాపులో కనిపించే వేళలను నమ్ముకోకండి, అవి పాతవై ఉండవచ్చు. మూసే వేళ 5 గంటలని రాసి ఉంటే వంటగది 4 గంటలకో 4:30కో ఆగిపోవచ్చు. మీకు పనికొచ్చేది ఆ రెండో వేళ.

పదిమంది పన్నెండుమంది కలిసి వెళ్లే అలవాటు మనవాళ్లకు ఉంది. ఊరి దుకాణంలో అంతమందికి ఒకచోట కుర్చీలు దొరకవు. నలుగురైదుగురు చొప్పున విడివిడి బల్లలు అడగండి. అడ్వాన్సు అడిగితే కట్టే ముందు రద్దు నిబంధన చదవండి, ఎందుకంటే ఒకరి కార్డు మీద అందరికీ కట్టాక ఇద్దరు రాకపోతే ఆ భారం కట్టినవారి మీదే పడుతుంది.

3. తినేదాని గురించి ముందే అడగండి. అడిగే ప్రశ్నలలో ఎక్కువ భాగం దీని గురించే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఇక్కడ వెజిటేరియన్ అంటే మాంసం, చేపలు లేనివని అర్థం. అందులో గుడ్డు ఉండవచ్చు. వీగన్ అంటే గుడ్డుతో పాటు పాలు, వెన్న, మీగడ కూడా ఉండవు. పాలు తాగి గుడ్డు తినని మన పద్ధతికి ఇక్కడ మెనూలో ప్రత్యేకమైన గుర్తు లేదు. అందువల్ల వెజిటేరియన్ అని మాత్రమే చెబితే గుడ్డు శాండ్‌విచ్ వస్తుంది, వీగన్ అని చెబితే క్లాటెడ్ క్రీమ్ పోతుంది.

దీనికి మార్గం ఒకటుంది. వీగన్ స్కోన్ ఉన్న దుకాణంలో దాన్ని తీసుకుని, దానితో మామూలు క్లాటెడ్ క్రీమే ఇవ్వమని అడగండి. కౌంటర్‌లో ఉన్నవారు ఒక్క క్షణం వింతగా చూసినా ఇస్తారు. మామూలు స్కోన్ పిండిలో గుడ్డు కలపని దుకాణాలు కూడా ఉన్నాయి కానీ, పైన నిగనిగలాడడానికి గుడ్డు సొన పూసి కాల్చవచ్చు. కాబట్టి పిండిలో గుడ్డు ఉందా అని మాత్రమే కాక, పైన పూశారా అని కూడా అడగాలి.

జెలటిన్ గురించి విడిగా అడగాలి. మూస్, చీజ్‌కేక్, మార్ష్‌మాలో వంటి వాటిలో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసిన జెలటిన్ వాడడం మామూలే. గులాబీ రంగు ఐసింగ్, మాకరాన్లలో పురుగుల నుంచి తీసే ఈ120 రంగు ఉండవచ్చు. కొన్ని రకాల చీజ్ తయారీకి దూడ కడుపు నుంచి తీసిన, పాలను విరిచే రెన్నెట్ వాడతారు. శాకాహారులకు తగినదని ప్యాకెట్ మీద రాసి ఉన్న చెడ్డార్ చీజ్ వాడుతున్నారా అని అడిగితే సరిపోతుంది. గొడ్డుమాంసం, పందిమాంసం తినని మాంసాహారులు హామ్, రోస్ట్ బీఫ్ శాండ్‌విచ్‌లు వద్దని ముందే చెప్పాలి. కొరోనేషన్ చికెన్ అన్న పేరు కనిపిస్తే అది 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేక విందు కోసం చేసినది, కూర పొడి, మయొనీజ్ కలిపిన చల్లని కోడిమాంసం. కారం ఆశించి తీసుకోకండి, తియ్యగా ఉంటుంది.

వేరుశెనగ, జీడిపప్పు, నువ్వులు వంటివి ఒంటికి పడనివారు మొహమాటపడకూడదు. 14 రకాల అలర్జీ పదార్థాల గురించి వినియోగదారుకు చెప్పడం ఇక్కడి తినుబండారాల దుకాణాలకు చట్టపరమైన బాధ్యత. అడిగితే పుస్తకం తీసి చూపిస్తారు.

ఇవన్నీ ఈమెయిల్‌లో అడిగి, జవాబును ఫోనులో భద్రపరచుకుని, అక్కడికి వెళ్లాక మరోసారి నోటితో చెప్పండి. మెయిల్ చదివినవారు, వడ్డించేవారు వేరు వేరు మనుషులు కావచ్చు.

4. వెనక్కి లెక్కపెట్టి వేళలు రాసుకోండి. ఉదాహరణకు ఆర్డర్లు 4:30కు ఆగిపోతాయనుకుందాం. 3 గంటలకల్లా కూర్చుంటే హాయిగా ఉంటుంది. కేంబ్రిడ్జ్‌లో న్యూన్‌హామ్ వైపు నుంచి గ్రాంట్‌చెస్టర్‌కు నడక 40 నుంచి 50 నిమిషాలు, ఫొటోలకు ఆగితే గంట. అంటే 2 గంటలకు న్యూన్‌హామ్‌లో ఉండాలి. రైల్వే స్టేషన్ నుంచి న్యూన్‌హామ్‌కు నడిచి రావడానికి అర గంట నుంచి 40 నిమిషాలు పడుతుంది. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి వేగంగా వచ్చే రైలుకు సుమారు 50 నిమిషాలు. కనుక లండన్‌లో 12 గంటల రైలు ఆఖరి హద్దు, 11 గంటలది ఉత్తమం.

చలికాలంలో ఈ లెక్క కుదరదు. డిసెంబరులో అక్కడ సాయంత్రం 4 గంటలలోపే సూర్యుడు అస్తమిస్తాడు, గ్రాంట్‌చెస్టర్‌కు మైదానం గుండా వెళ్లే దారిలో దీపాలు ఉండవు. ఆ నెలల్లో మధ్యాహ్నం 12 గంటలకే టీ తాగి, వెలుగు ఉండగానే తిరుగుముఖం పట్టాలి. జూన్ చివరలో రాత్రి 9 దాటేవరకు వెలుగుంటుంది.

5. టికెట్లు తీసుకోండి. 16-25 రైల్‌కార్డుకు 2025 నుంచి ఏడాదికి 35 పౌండ్లు, చాలా టికెట్లపై మూడో వంతు తగ్గింపు వస్తుంది. 26 దాటినవారు కూడా పూర్తికాల విద్యార్థులైతే ఇది తీసుకోవచ్చు, మాస్టర్స్ చదువుతున్న చాలామందికి ఈ సంగతి తెలియదు. పనిరోజుల్లో ఉదయం 10 గంటలకు ముందు ప్రయాణాలకు కనీస ఛార్జీ నిబంధన (తగ్గింపు ఉన్నా ధర ఒక హద్దు కిందికి దిగదు) ఉంది కనుక శని, ఆదివారాలలోనో, ఉదయం 10 తరువాతో వెళ్లండి. ముగ్గురి నుంచి తొమ్మిదిమంది వరకు కలిసి వెళ్తుంటే, రైల్‌కార్డు లేకపోయినా, గ్రూప్‌సేవ్ అనే గుంపు తగ్గింపు ఉన్న రైళ్లలో ఆఫ్‌పీక్ (రద్దీ లేని వేళల) టికెట్లపై అంతే తగ్గింపు దొరుకుతుంది. అయితే రెండు తగ్గింపులు కలవవు, గ్రూపంతా ప్రయాణమంతటా కలిసే ఉండాలి.

హెచ్చరిక: రైల్‌కార్డు ఫోనులో ఉండి, ఫోను ఆగిపోతే, మీ దగ్గర కార్డు లేనట్టే లెక్క. సరైన టికెట్ చూపించలేకపోతే జరిమానా ఛార్జీ 100 పౌండ్లు, దానితో పాటు సింగిల్ టికెట్ ధర వేస్తారు. 21 రోజులలోగా కడితే ఆ 100 కాస్తా 50 అవుతుంది, అయినా అది కొన్ని క్రీమ్ టీల ఖరీదు.

ఆదివారాలు పట్టాల మరమ్మతుల వల్ల రైలు బదులు బస్సు వేయడం మామూలు. ముందు రోజు రాత్రి నేషనల్ రైల్ వెబ్‌సైట్‌లో తిరుగు ప్రయాణాన్ని కూడా చూసుకోండి.

6. నడక. కేంబ్రిడ్జ్‌లో మిల్ పాండ్ అనే మడుగు దగ్గర నుంచి నదిని ఎడమ చేతివైపు ఉంచుకుని న్యూన్‌హామ్ చేరి, గ్రాంట్‌చెస్టర్ స్ట్రీట్ మీదుగా గ్రాంట్‌చెస్టర్ మెడోస్ అనే వీధి చివరకు రండి. అక్కడ గేటు దాటగానే మైదానం మొదలవుతుంది. రెండు దారులు కనిపిస్తాయి. పై దారి గట్టిగా చదును చేసినది, సైకిళ్లూ పిల్లల బండ్లూ వెళ్తాయి. కింద నది ఒడ్డున గడ్డిలో వెళ్లేది అందంగా ఉంటుంది కానీ వాన పడిన మర్నాడు చీలమండల దాకా దిగబడుతుంది, చలికాలంలో నీళ్లలో మునుగుతుంది. వెళ్లేటప్పుడు పై దారిలో శుభ్రంగా వెళ్లి, వచ్చేటప్పుడు నది ఒడ్డున రావడం నా సలహా. బురద బూట్లతో టీ బల్ల దగ్గర కూర్చోనవసరం ఉండదు.

ఎండాకాలంలో మైదానంలో ఆవులు మేస్తుంటాయి. ఊళ్లో పశువుల మధ్య పెరిగినవారికి చేయి చాచి నిమరాలనిపిస్తుంది. ఆ పని చేయకండి. ఇవి మనిషి చేతికి అలవాటుపడినవి కావు. చుట్టూ దూరంగా నడవండి, తల్లికీ దూడకూ మధ్యకు మాత్రం ఎన్నడూ వెళ్లవద్దు. మూసి ఉన్న గేటును దాటాక మళ్లీ మూయాలి, తెరిచి ఉన్నదాన్ని అలాగే వదలాలి.

ఇతర ప్రాంతాలలో నడిచేవారు గేటు స్తంభాల మీది బాణాలు చూసుకోవాలి. పసుపు బాణం నడిచేవారి దారి, నీలం బాణం గుర్రాలు, సైకిళ్లు కూడా వెళ్లగలిగే దారి. బాణం లేని పొలంలో అడ్డంగా నడవకండి. సిగ్నల్ లేనిచోట ప్రమాదం జరిగితే 999 గానీ 112 గానీ నొక్కి చూడండి, వేరే కంపెనీ టవర్ దగ్గరలో ఉన్నా ఆ ఫోను కలుస్తుంది.

7. ఆర్డర్ చేయడం. తోటల్లో సాధారణంగా ముందు ఒకరు బల్ల పట్టుకుని కూర్చోవాలి, మిగిలినవారు కౌంటర్ దగ్గర వరుసలో నిలబడి డబ్బు కట్టి ట్రే తెచ్చుకోవాలి. అక్కడ టిప్పు ఇవ్వనవసరం లేదు. బల్ల దగ్గరికి వచ్చి వడ్డించే చోట బిల్లులో సర్వీస్ ఛార్జీ కలిసి ఉందేమో చూడండి. ఉంటే మరేమీ ఇవ్వనక్కరలేదు. స్పార్క్లింగ్ వైన్‌తో వచ్చే టీకి ధర వేరు, తాగనివారు మామూలుదే కావాలని స్పష్టంగా చెప్పాలి.

8. టీ కాచుకోవడం, స్కోన్ తినడం. కెటిల్ రాగానే వంచేయకండి. మనవాళ్లు టీ నీళ్లలా ఉందని పెదవి విరవడానికి చాలావరకు ఇదే కారణం. మూత పెట్టి మూడు నాలుగు నిమిషాలు ఉంచి, ఒకసారి కలిపి, కొంచెం వంచి రంగు చూడండి. ఎరుపు తిరిగిన ముదురు గోధుమ రంగు వస్తే సిద్ధమైనట్టే. చిక్కని టీ కావాలనుకునేవారు అస్సాం గానీ ఇంగ్లిష్ బ్రేక్‌ఫాస్ట్ గానీ అడగాలి, ఎర్ల్ గ్రేలో బెర్గమోట్ అనే నిమ్మజాతి పండు వాసన ఉంటుంది, అది పాలతో అందరికీ నచ్చదు. పాలు చివర కొద్దికొద్దిగా పోసుకోండి. విడిగా వేడినీళ్ల జగ్గు ఇస్తే అది టీ మరీ ముదిరినప్పుడు పలుచన చేసుకోవడానికి.

స్కోన్‌ను అడ్డంగా రెండు బిళ్లలుగా విడదీసి, ఒక్కో బిళ్ల మీద విడిగా జామ్, క్రీమ్ పెట్టుకుని తినాలి. రెండూ మళ్లీ మూసి తింటే క్రీమ్ పక్కలకు కారి బట్టల మీద పడుతుంది. క్లాటెడ్ క్రీమ్ పైన లేత పసుపు పొర కట్టి, దాలిలో కాగిన పాల మీది మీగడలా ఉంటుంది. దాన్ని చెంచాతో పెట్టాలి తప్ప వెన్నలా పులమకూడదు. డెవన్‌లో క్రీమ్ ముందు, కార్న్‌వాల్‌లో జామ్ ముందు వేస్తారు. మిగిలిన ఇంగ్లండ్‌లో మీ ఇష్టం.

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఆరుబయట కూర్చుంటే జామ్ గిన్నె తెరిచిన నిమిషంలో కందిరీగలు వస్తాయి. చేతులు విసిరితే కుడతాయి. గిన్నె మీద సాసర్ బోర్లించి, కప్పు ఎత్తే ముందు లోపల ఒకసారి చూసుకుని తాగండి. ఆ రెండు నెలల్లో లోపల బల్ల దొరికితే అదే తీసుకోవడం మంచిది.

తరచుగా జరిగే పొరపాట్లు

మధ్యాహ్నం ఇంట్లో కడుపునిండా పులిహోర తిని బయలుదేరడం మొదటిది. స్కోన్ చూడడానికి చిన్నదే కానీ క్రీమ్‌తో కలిస్తే భోజనం చేసినంత బరువు. ఉదయం తేలికగా తినండి. బ్యాంకు హాలిడే అనే ప్రభుత్వ సెలవుదినాలలో ముందస్తు బల్ల లేకుండా వెళ్లడం, తిరుగు బస్సు ఆదివారం ఉంటుందనుకోవడం కూడా ఎక్కువగా జరుగుతుంటాయి. ఊరి బస్సు వేళలను ఆ రోజు తేదీ ఎంచుకుని చూడాలి, శనివారపు పట్టిక ఆదివారానికి పనికిరాదు. సొంత తినుబండారాలు తెచ్చుకుని టీ తోట కుర్చీలలో కూర్చుని తినడం మర్యాద కాదు.

డబ్బు సరిపోదనుకుంటే

సూపర్‌మార్కెట్‌లో స్కోన్ల ప్యాకెట్, చిన్న క్లాటెడ్ క్రీమ్ డబ్బా, జామ్ సీసా కొని, ఫ్లాస్కులో టీ పోసుకుని, మైదానంలోనే దుప్పటి పరచుకోండి. నలుగురికి కలిపినా ఒక ఆఫ్టర్‌నూన్ టీ ధరకంటే తక్కువే అవుతుంది. ప్యాకెట్ మీద గుడ్డు ఉంటే ముదురు అక్షరాలలో ముద్రించి ఉంటుంది కనుక గుడ్డు తినని వారికి ఇదే నిశ్చింత. క్రీమ్ డబ్బాను చల్లగా ఉంచే సంచిలో తీసుకెళ్లండి, చెత్తను తిరిగి తెచ్చేయండి.

కేంబ్రిడ్జ్ దూరమైనవారు మాంచెస్టర్, షెఫీల్డ్‌ల నుంచి హోప్ వ్యాలీ రైలులో ఈడేల్ గానీ హేదర్‌సేజ్ గానీ వెళ్లవచ్చు. అక్కడి నడకలు కొండదారులు కనుక ఎత్తు, వాన రెండూ లెక్కలోకి తీసుకోవాలి. ఎక్సెటర్‌లో ఉన్నవారికి ఎక్స్‌మౌత్ వెళ్లే రైలులో టాప్‌షామ్ దగ్గర. ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులకు పోర్ట్ మెడో నడక ఉంది, అయితే ఆ దారిలో ఉన్నవి ఎక్కువగా పబ్బులు కాబట్టి స్కోన్లు ఉన్నాయో లేదో ఫోను చేసి కనుక్కోవాలి.

అంతా సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం

ముందు రోజు రాత్రి ఈ ప్రశ్నలకు ఫోను చూడకుండా జవాబు చెప్పగలగాలి: వంటగది ఎప్పుడు ఆగుతుంది, ఏ వేళకు కూర్చుంటాం, ఆఖరి నమ్మకమైన రైలు ఏది, అది తప్పితే తరువాతది ఎంతసేపటికి ఉంది. ఒక్కదానికి తడబడినా మళ్లీ చూసుకోండి. బల్ల దగ్గర తినడం మొదలుపెట్టే ముందు గుడ్డు, జెలటిన్ సంగతి మళ్లీ అడిగి, తెచ్చిన ట్రేలో ఏది ఎవరిదో విడదీసుకోండి. లేచే ముందు బిల్లులో తలల లెక్క, సర్వీస్ ఛార్జీ సరిచూసుకుని, ఎవరెంత ఇవ్వాలో అక్కడే తేల్చుకోవడం మంచిది.

టికెట్లను ఇంటికి చేరాక వెంటనే పారేయకండి. రైలు ఆలస్యమైతే డిలే రిపే కింద కొంత డబ్బు తిరిగి వస్తుంది. కంపెనీని బట్టి 15 నిమిషాలో 30 నిమిషాలో ఆలస్యం దాటి ఉండాలి, 28 రోజులలోగా ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో టికెట్ ఫొటో పెట్టి అడగాలి.